గోడ త్రాగిన నీరు

ధర్మవరమునుండి పాకాల వైపు సాగు రైలుమార్గమున ముదిగుబ్బ స్టేషనులో దిగి, ఆశ్వయుజ మాసపు వాయుగుండము వాన రెండు దినములు విడువక కురిసి వెలిసిన మూడవనాటి యుదయమున ఊరి పాతవీథిలో నూరడుగులు నడచినవారికి ఒక విషయము మిక్కిలి స్పష్టముగా గోచరించును. కురిసినది ఒకే వాన. వీచినది ఒకే గాలి. అయినను గోడలన్నియు ఒకే తీరున తడియలేదు, ఒకే తీరున ఆరుచుండుటయు లేదు. రాతిగోడ ప్రొద్దెక్కునప్పటికే పొడియైనది గాని, రాళ్ళ సందులలోని మన్ను ఇంకను నల్లగానే యున్నది. పూతలేని ఇటుకగోడ మోకాలెత్తు వఱకు ముదురు రంగు తిరిగినది. సిమెంటు పూసి, పైన నిగనిగలాడు రంగు వేసిన క్రొత్త యిల్లు వీథిలోనివారికి పొడిగా కనబడుచున్నది. లోపలికి పోయి చూచినచో, మంచము తలవైపు గోడపై బుడగలు లేచి, రంగు పొరలు పొరలుగా రాలి, అందుండి పాతబావి వాసన వచ్చుచున్నది. రాతిగోడ మూడు పూటలలో ఆరినది; ఈ గోడ మూడు నెలలకును ఆరదు.

కరువుసీమలో చెమ్మను గూర్చిన విచారమేల యని చదువరి ప్రశ్నింపవచ్చును. 2022 ఏప్రిలులో శ్రీసత్యసాయి జిల్లాలో చేరిన ముదిగుబ్బయు, దానికి అటునిటు నున్న ధర్మవరము, పెనుకొండ, హిందూపురములును పూర్వపు అనంతపురము జిల్లాలోనివే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లకు మించని సగటు వర్షపాతముతో ఆ జిల్లా దేశములోని మిక్కిలి మెట్టప్రాంతములలో ఒకటిగా పేరుపడినది. అయితే ఆ కొంచెపు వానయు సంవత్సరమంతట పంచుకొని పడదు. పెక్కుపాలు సెప్టెంబరు, అక్టోబరు మాసములలో, కొన్ని దినములలో, కొన్ని గంటలలో కుమ్మరించి పోవును. మిగిలిన కాలమంతయు ఎండయు, పొడిగాలియు. కురిసిన వానకంటె కొన్ని రెట్లు నీటిని ఆవిరి చేయగల సూర్యుడు ఈ సీమకు దక్కినాడు. కావున ఇచ్చట గోడ తడియుట అల్పకాలము, ఆరుటకు అవకాశము దీర్ఘకాలము. ఇట్టి నేలమీద నొక గోడ ఏడాది పొడవున చెమ్మగిల్లి యున్నదనగా అది ఆకాశము చేసిన అపకారము కాదు. ఆ గోడ ఆరుటకు గల దారిని మనమే మూసితిమన్నమాట. గృహనిర్మాణ సామగ్రిని గూర్చి మనవారు వేయు ప్రశ్న, “ఇది నీరు పీల్చునా, పీల్చదా?” యనునది. ఆ ప్రశ్న సగము మాత్రమే. పీల్చిన నీటిని ఏ ముఖమున, ఎంత త్వరగా విడుచుననునది రెండవ సగము. నా యభిప్రాయమున నదియే పెద్ద సగము.

నీరు గోడలోనికి వచ్చు మార్గములు పెక్కులు గలవు. వాన గాలితో గూడి ముఖమున కొట్టును. పైకప్పు నీరు గోడతలనుండి దిగును. వంటయింటి ఆవిరియు, మనుష్యుల నిశ్వాసమును లోపలినుండి చేరును. క్రొత్తగోడలో కట్టుబడినాటి నీరే చాలకాలము నిలిచియుండును. వీనిలో జనులకు తెలియకయే జరుగునది నేలనుండి ప్రాకుట. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు, ఇటుకలోను మన్నులోను గల సూక్ష్మరంధ్రములు నీటిని లాగికొనును. రంధ్రమెంత సన్ననైన నీరు అంత యెత్తునకు పోవును. వ్యాసార్ధము మిల్లీమీటరులో వేయవ వంతు గల గొట్టమున, గణితము ప్రకారము, నీరు దాదాపు 15 మీటర్లు ఎగబ్రాకవలెను. కాని మన గోడలపై చెమ్మగీత సామాన్యముగా మోకాలికి, నడుమునకు నడుమనే నిలిచిపోవుచున్నదే, ఏల? ప్రాకిన నీరు ప్రాకినట్లే గోడముఖమునుండి ఆవిరియై పోవుచుండుటచేతనే. క్రిందినుండి వచ్చు రాబడికి, ప్రక్కనుండి పోవు వ్యయమునకు సరిపోయినచోట గీత ఏర్పడును. ఆ వ్యయమును నిరోధించితిమా, గీత పైకి జరుగును. ఈ యొక్క సంగతిని మనస్సున నిలుపుకొన్నచో ఈ వ్యాసములోని తక్కిన విషయములు చాలవఱకు తమంత తామే బోధపడును.

మంటితో మొదలుపెట్టెదను, ఏలయన ఈ సీమ యిండ్లకు తల్లి మన్ను. ఎఱ్ఱమన్నును నీటితో నానబెట్టి, త్రొక్కి, వరుస వరుసగా పెట్టిన గోడయైనను, రాళ్ళ నడుమ మన్ను మెత్తి కట్టిన గోడయైనను, దాని స్వభావమును నిర్ణయించునది అందలి బంకరేణువు. అది గాలిలోని తేమను గూడ గ్రహించి, గాలి పొడియైనప్పుడు తిరిగి యిచ్చును. జర్మనీదేశమున కాసెల్ విశ్వవిద్యాలయమున గెర్నోట్ మింకె చేసిన ప్రయోగములలో, గదిలోని సాపేక్షార్ద్రత 50 శాతమునుండి 80 శాతమునకు పెంచినప్పుడు, కాల్చని మట్టి యిటుక రెండు దినములలో కాల్చిన యిటుకకంటె ముప్పది రెట్లు తేమను పీల్చుకొన్నది. మండువేసవిలో మట్టిమిద్దెలోనికి అడుగిడిన బాటసారికి కలుగు హాయిలో గోడమందము పాలెంతయో, ఈ గుణము పాలును అంత యుండవచ్చును. ఆవిరిని ఇంత సులభముగా ఓర్చుకొను మట్టిగోడ ద్రవరూపమైన నీటిని మాత్రము ఓర్వలేదు. తడి మించినచో బంకరేణువుల పట్టు సడలును; గోడ తన బరువును తానే మోయలేక అడుగున కుంగి, ఒక్కసారిగా కూలును. కూలునది తఱుచు వానలో కాదు, వాన వెలిసిన తరువాత. పునాదివద్ద నిలిచిన నీరు నెమ్మదిగా లోని కెక్కుటచేత.

పూర్వులు ఈ దౌర్బల్యమును బాగుగ నెఱిగియుండిరి. గోడ మొదట రెండు మూడడుగులు గట్టిరాతితో లేపి, వీథివైపున అరుగు కట్టి, గోడతలపై నాపబండలను ముందునకు చాచి, మిద్దెనీటిని దోనెద్వారా గోడకు దూరముగ దుమికించిరి. ఏటేట పండుగకు ముందు ఎఱ్ఱమన్ను, పేడ కలిపి మెత్తి, సుద్ద పూసిరి. ఈ మెత్తుట అలంకారమని మాత్రమే తలచుట పొరపాటు. అది గోడకు తొడిగిన వస్త్రము వంటిది. వానదెబ్బ తాను తిని, చిరిగి, మరుసటేట మార్పబడును. వ్యయము చేయదలచిన పొర వెలుపల నుండవలెను. రక్షింపదలచిన గోడ లోపల నుండవలెను.

మిద్దెపైని చవుడును గూర్చి కొంచె మాగి చెప్పవలసియున్నది. దూలములు, దంతెలు, వానిపై చిన్నకట్టెలు, ఆకులలములు పఱచి, మన్ను పోసి, అన్నిటిపైన చవుడు పఱచి త్రొక్కుట ఈ ప్రాంతపు ఆచారము. పొలమున చవుడు తేలినదనిన రైతు గుండె జారును. అదే చవుడును బండ్లకెత్తి మిద్దెకు చేర్చును. సోడియము అధికముగా గల యీ మన్ను తడియగానే ఉబ్బి, రేణువులు విడివడి, రంధ్రములను తానే పూడ్చుకొనును. పొలమున నీరింకనీయక పైరును చంపు గుణమే మిద్దెపైన నీరు దిగనీయక కాపాడుచున్నది. “చౌడు తోలి తొక్కిస్తే రెండు మూడేండ్లు ఎదురు జూసే పనిల్యా నాయనా, తొక్కేదానికి మనిషే దొరకడంల్యా ఇప్పుడు” అని ముదిగుబ్బ దాపున నొక గ్రామములో నొక ముసలి మేస్త్రి నాతో ననెను. మట్టిమిద్దె నశించుచుండుట దాని గుణలోపముచేత ఎంతయో, ఏటేట దానిని చూచుకొను చేతులు తఱిగిపోవుటచేతను అంతయే.

రాతి విషయమున మన సీమ ధనికమైనది. ఇచ్చటి గ్రానైటు, నైసు శిలలు తమ బరువులో నూటికి ఒక వంతైనను నీరు పీల్చవు. అయినను రాతిగోడ నీరు కారదని చెప్పరాదు. రాయి తడియదు, సందు తడియును. రాతిముఖమున నిలువలేక జారిన వాననీరంతయు సందులోనికే పోవును గనుక, ఇటుకగోడ అంతటను పంచుకొనునట్టి నీటిని ఇచ్చట సన్నని సందు ఒక్కటియే భరింపవలసివచ్చును. హిందూపురమునకు సమీపమున, అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరూపన్న నిర్మింపజేసిన లేపాక్షి దేవాలయమునకు మించిన నిదర్శనము దీనికి వేఱొకటి అక్కఱలేదు. కొండవంటి ఆ శిలలు చెక్కుచెదరలేదు. కాని కప్పుబండల సందులగుండ దిగిన నీరు, వాని యడుగున సుధాలేపనముపై వ్రాసిన వర్ణచిత్రములలో కొన్నిటిని మాపివేసినది. శతాబ్దములు నిలిచిన శిలలో లోపము లేదు. వ్రేలిమందములేని సందుననే లోపమంతయు.

కాల్చిన ఇటుక నీటిని ఆబగా త్రాగునది. భారతీయ ప్రమాణము 1077 ప్రకారము ఇరువదినాలుగు గంటలు నీట ముంచిన సామాన్యపు ఇటుక తన బరువులో 20 శాతమునకును, ఉన్నత తరగతి యిటుక 15 శాతమునకును మించి పీల్చరాదు. అనగా మూడు కిలోల యిటుక ఆరువందల గ్రాముల నీరు త్రాగినను పరీక్షలో తప్పదు! ఈ త్రాగుడు మొదట వడిగాను, పిమ్మట నెమ్మదిగాను సాగును. ఒక గంటలో పోయిన లోతునకు రెండింతలు పోవుటకు నాలుగు గంటలు, మూడింతలు పోవుటకు తొమ్మిది గంటలు పట్టును. అందుచేత ఒక జల్లు తొమ్మిదంగుళముల గోడను దాటలేదు. మూడు దినముల ముసురు దాటగలదు. ఎండ రాగానే ఇటుక అంతే ఉదారముగా నీటిని విడుచును గనుక, ముసురు తక్కువగా నుండు మన సీమకు బాగుగ కాలిన ఇటుక మంచి స్నేహితుడు. చాలీచాలని కట్టెలతో కాల్చిన ఆవములోని పాలిపోయిన ఇటుక సంగతి వేఱు. రెంటిని తాటించి చూచినచో ఖంగున మ్రోగునది గోడకును, మొద్దుగా పలుకునది దొడ్డిప్రహరికిని అని మేస్త్రులు చేయు విభజన శాస్త్రసమ్మతమే.

సిమెంటు ఇటుకయని మనవారు పిలుచు కాంక్రీటు దిమ్మె, ప్రమాణము 2185 మేరకు, సగటున 10 శాతమునకు మించి నీరు పీల్చరాదు. కాగితముపై ఇది కాల్చిన ఇటుకకంటె మేలు. కాని నీరు చాలినంత చల్లి పదునుపెట్టక, పచ్చిగానే గోడకెక్కించిన దిమ్మె ఆరుచు కుంచించుకొని సందులవెంబడి మెట్లు మెట్లుగా పగులును. నీరు దిమ్మెను వదలి పగులును పట్టుకొనును. ప్రభుత్వ కాలనీలలో ఐదారేండ్ల యిండ్లకే కనబడు చెమ్మలో అధికభాగము ఈ జాతిది. ఇటీవల పట్టణములకు వచ్చిన తేలిక దిమ్మెలు, లోన గాలిబుడగలు గలవి, వేడిని ఆపుటలో మేలైనవి. కాని నీటిని నెమ్మదిగా చాలపీల్చి, నెమ్మదిగానే వదలును గనుక వానిని పూతలేక విడుచుట తగదు.

ఇక పూతల మాట. గోడ యేదైనను, దాని చెమ్మతీరును మార్చివేయునది పూత. మనము ఇటీవల ఎక్కువగా తప్పటడుగు వేసినదియు నిచ్చటనే. కంకర సున్నమును గానుగలో త్రిప్పి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చి పూసిన డంగుసున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి క్రమముగా మరల రాయి యగును. అది సిమెంటంత గట్టిది కాదు, కానక్కఱలేదు. గోడ కొంచెము కదలినచో తానును కదలును. నీటిని కొంత పీల్చును, పీల్చినదానిని ఆవిరిగా తిరిగి పోనిచ్చును. 1565 యుద్ధానంతరము విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండలో నేటికి నిలిచిన గగనమహలు సున్నపు పనితనమునకు మన కన్నులయెదుటి సాక్షి. సిమెంటు పూత బలమైనది, బిరుసైనది. మెత్తని గోడపై బిరుసైన పూత వేసినప్పుడు రెంటికిని పొందిక కుదరదు. వేసవిలో వ్యాకోచించి శీతవేళ సంకోచించి వెండ్రుకవాసి పగుళ్ళు తెచ్చుకొనును. ఆ పగులు వాననీటిని లోనికి లాగగలదు గాని, లోని నీటిని ఆవిరిగా పంపుటకు చాలదు. దానిపైన ప్లాస్టిక్ జాతి రంగు వేసినచో ఉన్న కొద్ది దారియు మూతపడును. వాటర్‌ప్రూఫు అను మాటకు మనము సమర్పించిన భక్తి మితిమీరినది. నీరు లోనికి పోనీయని పొర, నీటిని బయటికిని పోనీయదు.

ఇట్లు చిక్కుపడిన నీరు ఒంటరిగా నుండదు. మన భూగర్భజలము కఠినమైనది, నేలలో ఉప్పులున్నవి. నీరు వానిని కరగించుకొని గోడ యెక్కి, తాను ఆవిరియై, వానిని మాత్రము విడిచిపోవును. ముఖమున పూసిన తెల్లని ఉప్పు చీపురుతో దులిపిన రాలును; అది హానికరము కాదు. పూతవెనుక దాగి స్ఫటికమగు ఉప్పు గోడను తినివేయును. వీనిలో సోడియము సల్ఫేటు క్రూరమైనది: పొడిరూపమునుండి పది పాళ్ళు నీటిని చేర్చుకొన్న స్ఫటికముగా మారునప్పుడు దాని పరిమాణము దాదాపు నాలుగింతలగును. ఈ మార్పునకు హద్దు ద్రావణములో 32.4 డిగ్రీల సెల్సియసు. మన సీమలో పగటియెండ ఆ హద్దును దాటుటయు, రాత్రి చల్లదనము దానికి దిగువకు పోవుటయు నెలల తరబడి నిత్యకృత్యము. ఉప్పు చేరిన గోడలో ప్రతిదినము చిన్న చిన్న సమ్మెటపోట్లు పడుచున్నట్లే.

గోడలు మారకపోయినను వాని పరిసరములు మారినవనుట మఱువరాదు. పేడతో అలికిన మట్టినేల చెమ్మను గదియంతట కొంచెము కొంచెముగా విడుచుచుండెను. దానిపై సిమెంటో, టైల్సో పఱచినప్పుడు, నేలక్రింది తేమకు గోడలొక్కటే దారి మిగిలినవి. వీథిలో సిమెంటురోడ్డు పొరపై పొర పోయుటచేత పాత యిండ్ల గడపలు రోడ్డునకు దిగువైనవి. పూర్వము అరుగురాతికి తగిలిన తుంపర నేడు మెత్తని గోడకు తగులుచున్నది. రోడ్డు వేయువారు పాతపొరను త్రవ్వి తీసి, కొత్తపొరను వెనుకటి మట్టమునకే పోసినచో ఎన్ని యిండ్లు బాగుపడునో గదా! ధర్మవరపు నేతగాండ్ర యిండ్లలో ఈ బాధ కూటికే ఎసరు పెట్టును. గుంతమగ్గము భూమిలోనికి దిగియుండును గనుక ముసురు పట్టినప్పుడు గుంతలో నీరూరును. పట్టుపోగు స్వభావముచేతనే గాలిలోని తేమను గ్రహించునది, సాధారణార్ద్రతలో సుమారు 11 శాతము నీటిని తనలో నుంచుకొనునది, తడిసిన గోడల నడుమ నింకను మెత్తబడును. మగ్గమాగిన దినములకు కూలి లేదు. చెమ్మ యనునది వాస్తుశాస్త్రములోని ప్రశ్న మాత్రమే కాదని ఈ యిండ్లను చూచినవారెల్లరు ఒప్పుకొందురు.

చలిదేశములవారు మనకంటె బుద్ధిమంతులని తలపనక్కఱలేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1980 తరువాత కట్టిన అనేక కొయ్యచట్రపు బహుళాంతస్తుల భవనములు, వెలుపల ముఖమును పూర్తిగ మూసి నీటిని ఆపవలెనను సిద్ధాంతముతో నిర్మితములై, కిటికీ మూలల సందులలో ప్రవేశించిన వాననీరు బయటపడు త్రోవలేక గోడలలోపలనే క్రుళ్ళిపోయినవి. ఆ రాష్ట్రపు మాజీ ప్రధాని డేవ్ బారెట్ అధ్యక్షతన 1998లో విచారణసంఘమును నియమింపవలసివచ్చెను. ఆపై నచ్చటి నిర్మాణములలో వెలుపలి పొరకు, లోపలి గోడకు నడుమ ఖాళీ విడిచి, దిగిన నీరు జారిపోవుటకు, గాలి ఆడుటకు దారి కల్పించుట ఆచారమైనది. మన అరుగు, ముందునకు చాచిన మన నాపబండ, మన యేటేటి మెత్తుడు వేఱు రూపమున చెప్పినది ఇదియే. అయితే వారి పద్ధతిని యథాతథముగ తెచ్చుకొనుటయు తగదు. చలిదేశమున ఆవిరి వెచ్చని గదినుండి చల్లని వెలుపలికి నడచును. మనకు వానకాలమున ఏసీ వేసిన గదివైపు వెలుపలినుండి నడచును. అచ్చట లోపలివైపున కట్టు ఆవిరి నిరోధకపు పొరను ఇచ్చట కట్టినచో, అది చెమ్మను గోడలోనే బంధించును.

కావున క్రొత్త యిల్లు కట్టువారికి నా విన్నపము సంక్షిప్తమైనది. పునాదిపై తేమను ఆపు పొరను మిగులుబాటునకై మానవలదు. గోడతలకు బండనో సజ్జనో ముందునకు చాపుడు. వీథిమట్టముకంటె గడపను రెండడుగులైన ఎత్తుడు. పాత మట్టిగోడగాని, రాతిమట్టిగోడగాని గలవారు సిమెంటు మేస్త్రిని పిలుచుటకు ముందు ఒక్క పరీక్ష చేయుడు: జానెడు వెడల్పు ప్లాస్టిక్ కాగితమును గోడకు నాలుగంచుల అంటించి ఒక దినము విడువుడు. నీటిబొట్లు కాగితము వెనుక గోడవైపున పట్టినచో చెమ్మ గోడలోనిది. గదివైపున పట్టినచో గదిగాలిది. మొదటిదానికి కిటికీ తెఱచిన లాభము లేదు, రెండవదానికి గోడ పగులగొట్టిన లాభము లేదు.

మా బంధువుల యింటిలో నీ మొదటి వ్యాధియే యుండెను. రాతిమట్టిగోడ నడుమువఱకు చెమ్మగిల్లినదని సిమెంటు పూయించిరి. మరుసటేటికి గీత పూతను దాటి భుజమువఱకు ఎక్కినది. మరల పైవఱకు పూయించిరి. చెమ్మ అటకను ముట్టినది. “గోడ ఆరాల నాయనా, ఆరేదానికి తావు విడవాల” అని ఆ ముసలి మేస్త్రియే చెప్పగా, మాఘమాసమున సిమెంటునంతయు ఒలిచివేసి, వీథివైపు మన్నును అడుగులోతు త్రవ్వి తీసి, గోడను వేసవియంతయు అట్లే విడిచి, ఆషాఢమున సున్నము పూసిరి. ఆశ్వయుజపు వానకు గోడ తడిసినది. తడి మోకాలిని దాటలేదు. కార్తికము ముగియకముందే ఆరినది.